వీసా బ్యాంకాక్‌లో, కాగితాలు కడపలో: థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసా సేవపై సమీక్ష

టూరిస్టుగా దిగి, అక్కడ ఉండడం నచ్చితే వెనక్కి రాకుండానే రిటైర్మెంట్ వీసాకు మారే వీలు థాయ్‌లాండ్‌లో ఉంది. వయసు 50 నిండాలి, ఉద్యోగం చేయకూడదు. కడప, ప్రొద్దుటూరు, రాయచోటి నుంచి పోదామనుకునే పెన్షనర్లకు మొదట వచ్చే సందేహం ఒకటే: ఇక్కణ్నుంచే వీసా తీసుకుని పోవాలా, పోయినాక మార్చుకోవాలా?

చాలామందికి రెండోదే మేలు. ఇండియా నుంచి తీసుకునే 'ఓ-ఏ' రకానికి పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్, వాటితోపాటు ఆరోగ్య బీమా కావాలి. షుగరు, బీపీ ఉండి 65 దాటినవాళ్లకు ఆ బీమా దొరకడమే గగనం, దొరికినా ప్రీమియం మోయలేరు. అక్కడే మార్చుకునే 'నాన్ ఇమిగ్రెంట్ ఓ' రకానికి ఈ మూడూ అడగరు. అడగరు కదా అని బీమా లేకుండా పోవడం మాత్రం తప్పు. మన ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు అక్కడి ఆసుపత్రిలో చెల్లదు.

ఈ వీసా పని చూసే థాయ్ ఇమిగ్రేషన్ ఆఫీసులకు, సేవగా చూస్తే అయిదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఫీజులు బోర్డు మీద రాసినంతే, ఫారాలు చిన్నవి, కాగితాలన్నీ సరిగ్గా ఉంటే కౌంటర్ దగ్గర పని పూటలో అయిపోతుంది. ఒక మార్కు తగ్గేది ఎందుకంటే, ఒకే నియమాన్ని ఒక్కో ఊరి ఆఫీసు ఒక్కోలా అమలు చేస్తుంది. అందుకే పక్క ఊరిలో ఉండే మిత్రుడి లిస్టు పట్టుకుని పోకూడదు. ఉండబోయే జిల్లా ఇమిగ్రేషన్ ఆఫీసుకు ముందే పోయి వాళ్ల లిస్టు తెచ్చుకోవాలి.

అయితే పని చెడేది అక్కడ కాదు, ఎక్కువగా ఇక్కడే.

మొదటిది డబ్బు. థాయ్ బ్యాంకులో దరఖాస్తుదారు సొంత పేరున 8 లక్షల బాట్‌లు ఉండాలి, అవి విదేశం నుంచి వచ్చినట్టు బ్యాంకు కాగితం ఉండాలి. నెలకు 65,000 బాట్‌ల ఆదాయం చూపించే దారి కూడా ఉంది కానీ మన పెన్షన్లలో అంత వచ్చేవి తక్కువ. బాట్ 2.80 రూపాయల లెక్కన 8 లక్షలంటే 22 లక్షల 40 వేల రూపాయలు. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి బయటికి పంపితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అంతా ఒకేసారి పంపితే 2 లక్షల 48 వేలు ఇరుక్కుంటాయి. మార్చిలో 10 లక్షలు, ఏప్రిల్‌లో మిగతాది పంపితే పట్టుకునేది 48 వేలే. ఎట్లా పంపినా ఆ డబ్బు పోదు, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకుంటుంది, మిగిలితే రీఫండ్ వస్తుంది. కానీ ఆ నెలల్లో చేతిలో ఉండదు కదా, ఆ లెక్క ముందే వేసుకోవాలి.

చిన్న ఊళ్ల బ్రాంచీల్లో విదేశీ మారకం పని జరగదు. పెన్షన్ పడే బ్రాంచి జమ్మలమడుగులోనో మైదుకూరులోనో ఉంటే, ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) ఏ బ్రాంచిలో తీసుకుంటారో ముందే కనుక్కోవాలి. నెట్ బ్యాంకింగ్‌లో విదేశాలకు పంపే సదుపాయం, దాని పరిమితి ఇక్కడ ఉండగానే తెరిపించుకోవాలి. ఇండియా సిమ్‌కు రోమింగ్ వేయించాలి, లేకుంటే ఓటీపీ రాదు, చేతిలో డబ్బుండీ పంపలేరు. ఇంకో మెలిక ఉంది. అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో పోయినవాళ్లు ఫెమా (విదేశీ మారక చట్టం) ప్రకారం నాన్ రెసిడెంట్ అవుతారు, అప్పుడు ఖాతాను ఎన్ఆర్ఓ (నాన్ రెసిడెంట్ల ఖాతా)గా మార్చుకోవాలి, డబ్బు పంపే పద్ధతీ మారిపోతుంది.

రెండోది పేరు. మన దగ్గర పాసుబుక్కులో 'కె. వెంకట సుబ్బయ్య' అని ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివర్న ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకరే, కౌంటర్‌లో అమ్మాయికి ముగ్గురు వేర్వేరు మనుషులు. పంపే ఖాతా, అందుకునే ఖాతా, పాస్‌పోర్ట్ మూడింటిలో అక్షరం తేడా లేకుండా చేయించుకోవాలి. తెలుగులో సంతకం చేసేవాళ్లు పాస్‌పోర్ట్‌లో ఎట్లా చేశారో ప్రతి జిరాక్స్ మీదా అట్లే చేయాలి.

మూడోది పెళ్లి సర్టిఫికెట్. భర్త వీసా మీద భార్య డిపెండెంట్‌గా ఉండొచ్చు, ఆమె విడిగా 8 లక్షలు చూపక్కర్లేదు. కానీ పాస్‌పోర్ట్‌లో భర్త పేరు ఉంటే చాలదు. నలభై ఏళ్ల కిందట ఇంటి ముందు పందిట్లో జరిగిన పెళ్లికి రిజిస్ట్రేషన్ ఎవరు చేయించారు? ఇప్పుడైనా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరూ హాజరై, ముగ్గురు సాక్షులతో చేయించుకోవచ్చు. ఆ సర్టిఫికెట్‌కు మన విదేశాంగ శాఖ ధ్రువీకరణ, ఆ తర్వాత థాయ్ అనువాదం, దాని మీద అక్కడి ముద్ర పడాలి. విమానం ఎక్కినాక ఇది గుర్తొస్తే దీనికోసం వెనక్కి రావాల్సి వస్తుంది.

ఇక అక్కడి వరస. ఎయిర్‌పోర్ట్‌లో పడిన ముద్రలో తేదీ చూసుకోవాలి. వీసా లేకుండా దిగినవాళ్లు టీఎం 87, టూరిస్ట్ వీసాతో దిగినవాళ్లు టీఎం 86 ఫారం ఇవ్వాలి, ఫీజు 2,000 బాట్‌లు. ఆ రోజుకు గడువు కనీసం 15 రోజులు మిగిలుండాలి, కొన్ని ఆఫీసులు 21 అడుగుతాయి. ఇల్లు అద్దెకిచ్చినాయన టీఎం 30 (తన ఇంట్లో విదేశీయుడు ఉంటున్నాడని తెలిపే ఫారం) దాఖలు చేసి ఉండాలి, లేకుంటే కాగితాలు ముట్టుకోరు. అన్నిటికంటే టైము తినేది బ్యాంకు ఖాతా. టూరిస్టు ముద్ర మీద చాలా బ్రాంచీలు ఖాతా తెరవవు, ఒకటి కాదంటే ఇంకోదానికి తిరగాలి. అందుకే దిగిన మొదటి వారమే ఈ పని మీద ఉండాలి.

దరఖాస్తు ఒప్పుకుంటే 90 రోజుల ముద్ర పడుతుంది. దాని చివరి 30 రోజుల్లో టీఎం 7 ఫారం, 1,900 బాట్‌ల ఫీజుతో ఏడాది పొడిగింపు. అప్పటికి డబ్బు ఖాతాలో రెండు నెలలు కదలకుండా ఉండాలి, పొడిగింపు వచ్చాక మూడు నెలలూ ఉండాలి, ఆపైన 4 లక్షలకు తగ్గకూడదు. సరిగ్గా 8 లక్షలే వేసినవాళ్లకు ఇక్కడే దెబ్బ. డెబిట్ కార్డు వార్షిక రుసుం కింద బ్యాంకు ఏ మూడొందలో తీసుకుంటుంది, నిల్వ 7,99,700కు దిగుతుంది, రెండు నెలల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. దారిలో బ్యాంకులు కోసుకునేదీ కలుపుకుని 8 లక్షల 15 వేలు చేరేట్టు పంపితే నిశ్చింత. దరఖాస్తు రోజు పొద్దున్నే బ్యాంకుకు పోయి వంద బాట్‌లు వేసి, ఆ రోజు తేదీ పాసుబుక్కులో అచ్చు వేయించుకుని, నిల్వ లెటర్ తీసుకుని నేరుగా ఇమిగ్రేషన్‌కు పోవాలి.

'డబ్బు మేమే చూపిస్తాం, మీరు పాస్‌పోర్ట్ ఇస్తే చాలు' అనే ఏజెంట్లు ఉంటారు. వాళ్ల జోలికి పోవద్దు. మూడు నెలల తర్వాత ఖాతా చూపించమంటే చూపించేది మీరు, అనుమతి రద్దయితే నష్టపోయేదీ మీరే.

ఏడాది ముద్ర పడ్డాక 90 రోజులకోసారి టీఎం 47తో చిరునామా తెలపాలి, మరిస్తే 2,000 జరిమానా. ఉగాదికి దేవుని కడపకు వచ్చి పోదామనుకుంటే బయల్దేరే ముందు టీఎం 8తో రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. అది లేకుండా విమానం ఎక్కితే ఏడాది పొడిగింపు అక్కడికక్కడే రద్దు, 8 లక్షల కథ మళ్లీ మొదటి నుంచి. ఒకసారి పోయి రావడానికి 1,000 బాట్‌లు, ఎన్నిసార్లయినా అంటే 3,800. ఏడాదికి మూడుసార్లలోపు వచ్చేవాళ్లకు విడివిడిగా తీసుకోవడమే చౌక.