హుతమా, హూతమా? ‘గాడ్’ పుట్టుకపై రెండు వాదాలు

సభకు వచ్చినవాళ్లను ‘ఆహుతులు’ అని రాయడం మనకు తరచూ కనిపిస్తుంది. రాయాల్సింది ‘ఆహూతులు’, అంటే పిలుపు అందుకున్నవాళ్లు. దీర్ఘం పోతే అర్థం హోమగుండంలోకి మారిపోతుంది. ఇంగ్లిష్ ‘గాడ్’ ఎక్కడిదన్న చర్చ కూడా సరిగ్గా ఈ దీర్ఘం దగ్గరే ఆగింది.

ఇంగ్లిష్ గాడ్, జర్మన్ గాట్, స్వీడిష్ గుద్, 4వ శతాబ్దపు గోతిక్ (ఇప్పుడు అంతరించిన జర్మానిక్ భాష) బైబిల్లోని గుథ్, అన్నిటికీ మూలంగా భాషావేత్తలు ‘*గుడన్’ అనే ప్రోటో-జర్మానిక్ (ఈ భాషలన్నిటికీ ఉమ్మడి పూర్వభాష) మాటను పునర్నిర్మించారు. ముందున్న నక్షత్రం గుర్తు (*), ఆ మాట ఏ రాతలోనూ దొరకలేదని చెబుతుంది. అది నపుంసకలింగం. సంస్కృతం ఈ భాషలకు దూరపు చుట్టం. జర్మానిక్‌లో ‘గ’ ఉన్న ఇలాంటి చోట సంస్కృతంలో ‘హ’ రావచ్చు. అలా చూస్తే రెండు ధాతువులు సరిపోతాయి.

మొదటిది ‘హు’, అగ్నిలో పోయడం. హోమం, హవిస్సు, హుతాశనుడు దీనివే. హుతంలో ఉకారం హ్రస్వం, *గుడన్‌లోనూ హ్రస్వమే. శబ్దం చక్కగా కుదిరింది. అర్థమే ఇబ్బంది. పోసినది నైవేద్యం అవుతుంది కానీ దేవుడెలా అవుతుంది? ప్రాచీన గ్రీకులో సమాధి దిబ్బను ‘పోసిన మట్టి’ అనేవారు కాబట్టి, ఆ దిబ్బలో ఉండే ఆత్మ నుంచి దేవుడనే అర్థం వచ్చిందని కొందరి సమాధానం. నాకది చుట్టుదారిలా అనిపిస్తుంది.

రెండోది ‘హూ’, పిలవడం. ఋగ్వేదంలో ఇంద్రుడు పురుహూతుడు, ఎందరో పిలిచేవాడు. పిఠాపురం పురుహూతికా అమ్మవారి పేరులో ఉన్నదీ ఈ హూతమే. కష్టం వస్తే మనం పిలిచేది దేవుణ్ణే కదా, అర్థానికి ఏ సాగదీతా అక్కర్లేదు.

మరి హూతంలోని దీర్ఘం జర్మానిక్ మాటలో ఏమైంది? సంస్కృత ‘సూనుః’ (కొడుకు)లో దీర్ఘం ఉంది. దాని జర్మానిక్ తోబుట్టువు ‘*సునుజ్’లో లేదు, ఇంగ్లిష్ ‘సన్’ అందులోంచే వచ్చింది. ‘వీరః’కు తోబుట్టువైన ‘*విరజ్’లోనూ అంతే. ఈ రెండు సంస్కృత మాటల్లోనూ ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, చివరి అక్షరం మీద ఉంది, హూతంలోనూ అక్కడే. *గుడన్‌లో ‘థ’ రావాల్సిన చోట ‘డ’ ఉండటం కూడా, వెర్నర్ సూత్రం (ఉదాత్తం సరిగ్గా ముందు అక్షరం మీద లేకపోతే జర్మానిక్ ‘థ’ మెత్తబడి ‘డ’ అవుతుందనే నియమం) ప్రకారం, ఉదాత్తం చివర ఉండేదనడానికి సాక్ష్యం. అంటే దీర్ఘం పోవడానికి కావాల్సిన పరిస్థితి ఆ మాటలోనే ఉంది. అందుకే నా మొగ్గు పిలుపు వైపే.