కంటి నరానికి రక్తం తగ్గితే ఏది మేలు?

నెల్లూరులో మా పెదనాన్న ఒక ఉదయం లేచేసరికి కుడికంట కింది సగం చీకటైంది. నొప్పి లేదు. శుక్లమేమోనని రెండు రోజులు తాత్సారం చేసి, మూడో రోజు పినాకిని ఎక్కి చెన్నైలోని మా ఇంటికి వచ్చారు. కంటి నరం మొదలు వాచిందని, దానికి రక్తమందించే సన్నని నాళాల్లో ప్రవాహం తగ్గిందని డాక్టరు తేల్చారు. ఆ రాత్రి భోజనాల దగ్గరే మా ఇల్లు మూడు పక్షాలైంది: ఆపరేషన్, స్టెరాయిడ్, ఏ చికిత్సా లేకుండా గమనిస్తూ ఉండటం.

ఆపరేషన్ చేయించాలన్నది మా బావ పట్టు. నరం చుట్టూ ఉన్న పొరను కోసి ఒత్తిడి తగ్గించే పద్ధతి ఒకటుండేది. అమెరికాలో దాన్ని పరీక్షించి 1995లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలలకు చార్టులో మూడు వరుసలైనా మెరుగుపడినవారు కోయించుకున్నవారిలో 32.6 శాతం, ఊరికే గమనించినవారిలో 42.7 శాతం. చూపు ఇంకా దిగజారినవారు 23.9, 12.4 శాతం. బావ మరి మాట్లాడలేదు.

స్టెరాయిడ్ల తగవు అంత తేలిక కాదు. 2008లో వెలువడిన 613 మంది అధ్యయనంలో, చూపు బాగా తగ్గినవారికి స్టెరాయిడ్ మేలు చేసినట్టే కనిపించింది. అయితే మందు వేసుకోవాలా వద్దా అన్నది రోగులే ఎంచుకున్నారు కాబట్టి ఆ లెక్కను నేను పూర్తిగా నమ్మను. పైగా పెదనాన్నకు షుగర్ ఉంది, స్టెరాయిడ్ దాన్ని ఎగదోస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ తర్జనభర్జనకు తావు లేదు. యాభై దాటినవారికి కణతలు నొప్పెట్టినా, దువ్వెన తగిలితే తల సలిపినా, నమిలేటప్పుడు దవడ లాగినా ధమనుల వాపు అనుమానించాలి. ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలకు రక్తం తీసి, ఆ రోజే స్టెరాయిడ్ మొదలుపెడతారు; ధమని ముక్క తీసి చూసే బయాప్సీ కోసం ఆగరు, అది ఆ తరువాత. ఆలస్యమైతే రెండో కన్నూ పోవచ్చు. పెదనాన్నకు ఆ లక్షణాలు లేవు, పరీక్షలూ మామూలుగానే వచ్చాయి.

అందుకే నా ఓటు మూడో పక్షానికి. ఊరుకోవడమంటే చేతులు ముడుచుకోవడం కాదు. ఐదేళ్లలో సుమారు 15 శాతం మందికి రెండో కంటికీ ఇదే వస్తుంది. షుగర్, బీపీ అదుపులో ఉండాలి. నిద్రలో బీపీ ఎలాగూ తగ్గుతుంది, పడుకోబోయే ముందు వేసే మాత్ర దాన్ని మరీ దించేయవచ్చు. వేళ మార్చాలా అన్నది డాక్టరునే అడగాలి, సొంతంగా మానకూడదు. గురకతో ఊపిరి ఆగుతోందేమో నిద్ర పరీక్ష కూడా రాశారు.

"ముప్పై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదా" అంది పెద్దమ్మ.