విన్‌ఫీల్డ్ ఫింగర్‌స్టైల్ పోటీకి వెళ్తే గుడారంలోనే దిగండి

కాన్సాస్‌లో విన్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో 1972 నుంచి వాల్నట్ వ్యాలీ ఫెస్టివల్ అనే సంగీత పండగ జరుగుతోంది. సెప్టెంబరు నడిమిలో వస్తుంది. మేముండే డాలస్ నుంచి ఐ-35 మీద ఐదు, ఐదున్నర గంటల డ్రైవ్. విమానంలో వచ్చేవాళ్లు విచిటాలో దిగి కారు అద్దెకు తీసుకోవాలి.

నేను వెళ్లింది ఫింగర్‌స్టైల్ గిటార్ పోటీ కోసం. ఒక్క మనిషి, ఒక్క గిటారు. బొటనవేలు మంద్రపు తీగల మీద ఆగకుండా లయ నడుపుతుంటే, మిగతా వేళ్లు పై తీగల మీద పాట వరస పలికిస్తాయి. వీణలో చిటికెనవేలు తాళం తీగలు మీటుతూ ఉండటం లాంటిదే. కెంటకీ బొగ్గుగనుల సీమలో పుట్టిన మెర్ల్ ట్రావిస్ పేరుతో దీన్ని ట్రావిస్ పికింగ్ అంటారు. ఆయన దాన్ని మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీ లాంటి ఊరివాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. అందుకేనేమో, ఈ పోటీలో పేరులేని మనిషి వాయించినా జనం ఊపిరి బిగబట్టి వింటారు. 1989లో ఇక్కడే మ్యూరియల్ ఆండర్సన్ గెలిచింది, ఈ టైటిల్ అందుకున్న మొదటి మహిళ ఆమే. ఫైనల్‌కి మాత్రమే వెళ్లేవాళ్లున్నారు గానీ, నా మాట వినండి, మొదటి రౌండు వదలొద్దు.

ఇక బస. మొదటి రాత్రి పక్క ఊరి మోటెల్లో దిగాం. పండగ రోజుల రేటు, గదిలో సిగరెట్ వాసన. వేడినీళ్లు మాత్రం బాగా వచ్చాయి. తర్వాత పండగ మైదానంలోనే ఉన్న పీకాన్ గ్రోవ్ అనే తోటలో గుడారం వేశాం. అసలు పండగ అక్కడే! చెట్ల కింద గుంపులు గుంపులుగా కూర్చుని తెల్లవారేదాకా వాయిస్తూనే ఉంటారు. ఓ పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా బొటనవేలు ఎక్కడ తడబడుతోందో ఓపిగ్గా చూపించాడు. ఏ క్లాసులోనూ అంత తేటగా అర్థం కాలేదు నాకు.

చిన్న చప్పుడుకే నిద్ర చెదిరేవాళ్లకూ, పసిపిల్లలున్నవాళ్లకూ మోటెలే నయం. గుడారమైతే స్నానాల దగ్గర క్యూ తప్పదు. శాకాహారులకు దొరికేవి తక్కువ, పులిహోర కలుపుకెళ్లండి. రాత్రి మంచుకి గిటారు బయట వదలొద్దు. బయల్దేరే ముందు వాన కబురు కూడా చూసుకోండి. వాల్నట్ నది పొంగి, క్యాంపుని సిటీ లేక్ దగ్గరికి మార్చిన సంవత్సరాలున్నాయి.