ఎస్11 అని చెప్పి ఎస్3 అంటగట్టారు: పాత స్కార్పియో కొనేవారు జాగ్రత్త

విజయవాడలోని ఆ పాత కార్ల షోరూమ్ పేరు ఇక్కడ రాయడం లేదు గానీ, పాత స్కార్పియో కోసం తిరిగినవారిలో చాలామంది ఆ గడప తొక్కే ఉంటారు. పోయిన శనివారం అక్కడ 2018 మోడల్ మహీంద్రా స్కార్పియోలో పై రకమైన ఎస్11 అని చెప్పిన బండిని 9 లక్షల 25 వేలకు కొన్నాను. నాలుగో రోజున అది అన్నిటికన్నా కింది రకమైన ఎస్3 అని తేలింది.

2002లో వచ్చిన స్కార్పియోను 2014లో ఛాసిస్‌తో సహా మార్చారు. 2017 నవంబరులో పై రకాలకు 140 హార్స్‌పవర్ ఇంజిను, ఆరు గేర్లు ఇచ్చినా, ఎస్3కి మాత్రం 75 హార్స్‌పవర్ పాత ఇంజినునే ఉంచారు. బాడీ ఒకటే కనుక గ్రిల్లు, అలాయ్ వీల్స్, వెనుక అక్షరాలు మారిస్తే చూసేవారికి తేడా తెలియదు. గేరు రాడ్డుకు కూడా ఆరు గేర్ల గుర్తులున్న నాబ్ తొడిగారు. ట్రయల్‌కు తిప్పిన ఊరి ట్రాఫిక్‌లో నేను నాలుగో గేరు దాటనే లేదు.

ఆర్‌సీలో 2523 సీసీ అని ఉండటం చూసి, ఎస్11 ఇంజిను 2179 సీసీ కదా అని అడిగాను. "సీసీ ఎక్కువుంటే బలం ఎక్కువే కదా సార్, మీకే లాభం" అన్నాడు బండి అమ్మినతను. ఆ 75 హార్స్‌పవర్ ఇంజినే 2523 సీసీది. అంకె నా వేలి కిందే ఉండగా అతని మాట నమ్మడం నా తప్పే.

అంతకన్నా ఘోరం మెకానిక్ దగ్గర బయటపడింది. ఎయిర్‌బ్యాగ్ అని అచ్చువేసి ఉన్న స్టీరింగ్ మధ్య మూతను అతను ఊడదీసి చూపిస్తే, దాని వెనుక ఏమీ లేదు. ఆ బండిలో రెండు రోజుల ముందే నా భార్యాపిల్లలను కూర్చోబెట్టుకుని ఏలూరు వెళ్లి వచ్చాను.

ఆ మూత పట్టుకుని షోరూమ్‌కు వెళితే, కొన్ననాడు కుర్చీ వేసి టీ తెప్పించిన మనిషి కూర్చోమని కూడా అనలేదు. ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని నేను సంతకం పెట్టిన కాగితం చూపించి, "ఎయిర్‌బ్యాగ్‌తో మీకిప్పటిదాకా ఏమన్నా అవసరం పడిందా?" అని అడిగాడు. డబ్బు పోయినందుకన్నా ఆ మాటకే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాను. ఆ మూత నా దగ్గరే ఉంది.

కొనేముందు ఛాసిస్ నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అది ఏ రకమో అడగండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరుతుందో లేదో చూడండి. 2022లో వచ్చిన స్కార్పియో క్లాసిక్‌లోనూ ఎస్11 ఉంది కనుక, ఆ ఒక్క పేరు విని ధర ఒప్పుకోవద్దు.