హైదరాబాద్ నుంచి డల్లాస్: ఏజెంట్ లెక్కలో పదకొండున్నర గంటలు

టికెట్ చేతిలో పెడుతూ ట్రావెల్ ఏజెంట్ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "తెల్లారి నాలుగింటికి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకి దిగిపోతారు సార్. పదకొండున్నర గంటలు, నారాయణాద్రిలో తిరుపతి వెళ్ళినంత సేపు!" మనిషికి ₹1,32,000 రానూపోనూ, ఆపైన ఆయన సర్వీస్ ఛార్జి ₹3,500.

నేనూ లెక్క వేసుకోలేదు, నా తప్పే. కానీ డెబ్బై రెండేళ్ళ మా అమ్మ ఆ మాట పట్టుకుని సామాను సర్దింది. పొద్దున వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు హ్యాండ్‌బ్యాగులో, రాత్రివి పెద్ద సూట్‌కేసులో. "రాత్రికి చెల్లి ఇంట్లోనే ఉంటాంగా" అంది.

శంషాబాద్‌కి క్యాబ్ ₹1,250. దుబాయ్ దాకా నాలుగు గంటలు హాయిగా గడిచాయి. అక్కడ వీల్‌చైర్ అబ్బాయి బంగారం. రెండు కాఫీలు, ఒక శాండ్‌విచ్‌కి మాత్రం 74 దిర్హామ్‌లు, అంటే దాదాపు ₹1,700. అమ్మకి చెప్పలేదు.

రెండో విమానం ఎక్కి కూర్చోగానే సీటు ముందు తెరమీద గమ్యానికి ఇంకా పదహారు గంటలని వచ్చింది. "ఒరేయ్, ఇందాకే నాలుగు అయిపోయాయి కదా, మళ్ళీ పదహారేంట్రా?" అంది. అప్పుడు వెలిగింది నాకు. టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. వేసవిలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అంటే మొత్తం ఇరవై రెండు గంటలు!

దూరం చూస్తే హైదరాబాద్–దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్–డల్లాస్ 12,900. హైదరాబాద్ నుంచి నేరుగా గీత గీస్తే 14,400 దాకా ఉంటుంది, అదీ ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. మేం వెళ్ళినప్పుడు నేరు విమానం లేదు. "అంటే విజయవాడకి యాభై ఆరు సార్లు పోయినట్టు" అని అమ్మ తేల్చేసి, ఇక నాతో మాట్లాడలేదు.

మన టైమ్ రాత్రి ఎనిమిదయ్యేసరికి, దుబాయ్‌లో లేచి పది గంటలైంది. మాత్రలు కాళ్ళకింద సామాన్ల గదిలో ఉన్నాయి. పక్క సీటు గుంటూరు ఆవిడ తన మాత్ర ఇవ్వబోయింది. "వేరేవాళ్ళ మందు నాకొద్దమ్మా" అని అమ్మ వద్దంది, మంచి పనే చేసింది. నాకే కునుకు లేదు, గంటకోసారి "ఎలా ఉంది?" అని అడగడం, ఆవిడ కసురుకోవడం.

ఇమిగ్రేషన్ లైన్లో గంటా ఇరవై నిమిషాలు. సూట్‌కేసు రాగానే బెల్టు పక్కనే నేలమీద తెరిచాం. పైన పచ్చళ్ళు, అడుగున మాత్రలు.

తిరుగు ప్రయాణంలో శనివారం సాయంత్రం ఎక్కి సోమవారం తెల్లవారుజామున దిగాం. గాలి వెనకనుంచి తోయడంతో డల్లాస్–దుబాయ్ గంటకు పైగా తగ్గింది. ఈసారి మూడు రోజుల మాత్రలు అమ్మ కొంగున ఉన్నాయి.

అమ్మానాన్నల్ని డల్లాస్‌కి పంపేవాళ్ళు వెళ్ళే టికెట్ మీద కనిపించే గంటలకి పదిన్నర కలపండి. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అయితే పదకొండున్నర.

వచ్చాక ఏజెంట్‌ని నిలదీశాను. "టైమ్‌లు టికెట్ మీదే ఉన్నాయి కదా సార్" అన్నాడు.