ఎండకు నిలిచే కుట్టేది? ట్రైక్ సామాను మీద అనంతపురం టైలర్ రివ్యూ

మాది అనంతపురం పాతూరు. సీట్ కవర్ల షాపు. లారీ సీట్లు, ఆటో టాపులు, బైకు సీట్లకు రెగ్జిను, పెళ్ళిళ్ళ కాలంలో షామియానా చిరుగులు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆరేళ్ళ కింద ఒక పొద్దున బొలెరో పైన 20 అడుగుల మూట కట్టుకుని ఒకాయన వచ్చినాడు. షామియానా అనుకుని "ఎన్ని గజాలన్నా?" అని అడిగినా. "గుడ్డ కాదప్పా, రెక్క" అన్నాడు. మూట జిప్పు పోయింది, కొత్తది వేయాలంట. అట్లా అంటుకుంది నాకీ పిచ్చి. ఇప్పుడా అన్న ట్రైక్‌లో గుడ్డ, బెల్టు, ఫోము ఎక్కడున్నా ఆ పని నాదే. కొత్త సామాను ఏది కొన్నా ముందు మా కటింగ్ బల్ల మీదికి రావాల్సిందే.

ట్రైక్ అంటే తెలియనోళ్ళకి ఒక ముక్క. మూడు చక్రాల బండి, దానికి వెనక ఇంజను, ప్రొపెల్లరు, నెత్తిన హ్యాంగ్ గ్లైడర్ రెక్క. మన ప్రభుత్వం కాగితాల్లో దీని పేరు పవర్డ్ హ్యాంగ్ గ్లైడర్. పౌర విమానాలను చూసుకునే డీజీసీఏ అనుమతులు, ఇంకా శానా కాగితాలు ఉంటాయి. ఆ కత అన్న చెప్తే రెండు రోజులు పడుతుంది. నేను చెప్పేది కుట్ల గురించి.

అన్న కొత్త రెక్క కొనాలని రెండేళ్ళుగా కేటలాగులు తిరగేస్తున్నాడు. నేనూ పక్కన కూర్చుని చూస్తా. ఫ్రాన్స్ వాళ్ళ ఎయిర్ క్రియేషన్ కంపెనీది బయోనిక్స్ అని ఒక రెక్క ఉంది. గాల్లో ఉండగానే దాన్ని బిగించి, వదులు చేసి వేగం మార్చుకోవచ్చు. ఆ ఏర్పాటుకి వాళ్ళు కార్సెట్ అని పేరు పెట్టినారు. నాకైతే పైజామా బొందు గుర్తొచ్చింది. ఇంగ్లండు వాళ్ళ క్విక్ రకాలు ఉన్నాయి, ఆస్ట్రేలియా వాళ్ళ ఎయిర్‌బోర్న్ ఉంది. కొత్త మోడళ్ళలో కొన్నిటికి రెక్క మీద నిలబడే కింగ్‌పోస్ట్ గుంజ లేదు, దాని పైతీగలూ లేవు. ఇది నాకు నచ్చింది. ఎందుకంటే అన్న షెడ్డు ఒకప్పుడు శెనక్కాయల గోడౌను. దూలం తక్కువ ఎత్తు. ఇప్పుడున్న రెక్కను లోపలికి తోసేటప్పుడు ప్రతిసారీ ఒకడు గుంజ దగ్గర నిలబడి "ఆగు, ఆగు" అని అరవాల.

పేర్లలో ఉండే అంకెల దగ్గర నేనొకసారి బోర్లా పడినా. బయోనిక్స్ 15 అంటే 15 చదరపు మీటర్లు. అన్న నేర్చుకున్న కొత్తల్లో వాడిన ఇంజను లేని గ్లైడర్ అమెరికా విల్స్ వింగ్ వాళ్ళ ఫాల్కన్ 195. అది 195 చదరపు అడుగులు, అంటే 18 చదరపు మీటర్లకు కొంచెం పైన. నేను 15కి, 195కి మధ్య తేడా చూసి ఇది పదమూడు రెట్లు పెద్దదనుకుని తొడుగుకి గుడ్డ లెక్క వేసినా. అన్న నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు.

సరే, రెక్క గుడ్డ. ఇది డాక్రాన్, అంటే పాలిస్టరే, రెసిన్ పట్టించి గట్టిగా చేస్తారు. కొత్తది వేళ్ళ మధ్య నలిపితే కరకరమంటుంది, కొత్త నోటు మాదిరి. కొన్ని వేగం మోడళ్ళలో మైలార్ అనే ప్లాస్టిక్ పొర అతికించిన గుడ్డ వాడతారు. ఆకారం బాగా నిలుస్తుంది, కానీ మడత దగ్గర అది మన మాట వినదు. అడ్డదిడ్డంగా మడిచి కట్టేవాళ్ళ చేతికి అది ఇవ్వొద్దు. అతుకుల్లో మూడు పోట్ల జిగ్‌జాగ్ కుట్టు. మన మామూలు జిగ్‌జాగ్‌లో సూది అటొకటి ఇటొకటి పొడుస్తుంది, ఇందులో ఒక్కో వాలుకి మూడు పోట్లు. గుడ్డ సాగినా దారం తెగదు. ఈ కుట్టు చూసినాక నేను లారీ టాపులకు కూడా అదే వేస్తున్నా. డ్రైవర్లు తేడా కనుక్కోలేదు, కానీ చిరుగులకు మళ్ళీ రావడం తగ్గించినారు. నా యాపారానికి నష్టమే.

ఇప్పుడు అసలు సంగతి. ఎండ గుడ్డను తినేస్తుంది, పైకి మాత్రం కనపడదు. పోయినేడాది పక్క రాష్ట్రంలో ఒకాయన వాడిన రెక్క అమ్ముతానన్నాడు. "200 గంటలే ఎగిరింది" అన్నాడు. ఫోటోల్లో పెళ్ళికూతురు మాదిరి మెరిసిపోతా ఉంది. అన్న నన్నూ తీసుకుపోయినాడు. నేను రంగు చూడలేదు. పై వైపు అతుకు మీద బొటనవేలి గోరు పెట్టి గీసినా. దారం పొడిపొడిగా రాలింది. అదే అతుకు కింద వైపు చూస్తే దారం నిగనిగలాడతా ఉంది. 200 గంటలు ఎగిరింది నిజమే అయ్యుండొచ్చు. తొడుగు లేకుండా ఎన్ని వేల గంటలు ఎండలో నిలబడిందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

అన్న దగ్గర బెట్సోమీటర్ అనే చిన్న పరికరం ఉంది. పెన్ను సైజు స్ప్రింగు కాటా అనుకోండి, కొనకి 1.2 మిల్లీమీటర్ల సూది. సూదిని గుడ్డలో గుచ్చి పక్కకి లాగుతారు. 1360 గ్రాముల దాకా లాగినా రంధ్రం చిరగకపోతే పాసు. ఇంగ్లండులో ట్రైకుల రెక్కలకు ఏళ్ళుగా వాడుతున్న పరీక్ష ఇది. మేం చూసిన రెక్క 900 దాటకుండానే చిరిగింది. ఆయన మొగం చిన్నదైంది, "మీరే పొడిచి చింపినారు" అన్నాడు. వచ్చేదారిలో మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఈ మొత్తం రివ్యూలో ఒక్క వస్తువుకి అయిదుకి అయిదు ఇవ్వమంటే నేను ఆ సూదికే ఇస్తా.

ఎండ సంగతి ఇంకోటి. మా ఊరు సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తు. మే నెలలో 42 డిగ్రీలు కాస్తే గాలి పలచనై, ఇంజనుకి, రెక్కకి అది దగ్గర దగ్గర 1400 మీటర్ల ఎత్తుతో సమానం అయిపోతుంది. పరుగు ఎక్కువ కావాల, పైకి ఎక్కడం నిదానం. అన్న ఇంజను రోటాక్స్ 582, టూ స్ట్రోకు, సుమారు 65 హార్స్‌పవర్. నేను 84 కేజీలు. ఎండాకాలంలో నన్ను ఎక్కించుకోమంటే "పొద్దున ఆరుకి రా, లేదంటే ఉగాదికి ముందు రా" అంటాడు. ఫోర్ స్ట్రోకు 912కి మారదామని ఆయనకి ఆశ. 80 హార్స్‌పవర్, పైగా 582ని 300 గంటలకి విప్పమంటే దీన్ని 2000 గంటలకి విప్పితే చాలు. ధర విన్నాక మళ్ళీ టూ స్ట్రోకు ఆయిలు డబ్బా తెచ్చుకున్నాడు, లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. ఇప్పుడు కొత్త తలనొప్పి పెట్రోలే. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపింది వస్తోంది, రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం దాకానే. దాని మందు మెకానిక్కులు చెప్పాల, టైలరు కాదు.

తొడుగుల దగ్గరికొస్తా. అన్న మొదట విదేశీ తొడుగు తెప్పించినాడు. కంపెనీ పేరు వద్దులే. కొలత బ్రహ్మాండం, రెక్కకి అచ్చం చొక్కా తొడిగినట్టు కూర్చుంది. గుడ్డ తెల్లగా, ఆవిరి బయటికి పోయే రకం. అంతవరకు నేను లేచి నిలబడి దండం పెడతా. కానీ జిప్పు 5 నంబరు. బడి పిల్లల బ్యాగుకి వేసే జిప్పు అది! 20 అడుగుల మూటకి 10 నంబరు వేయకుంటే ఎట్లా? మా దుమ్ముకి రెండు నెలల్లో రన్నరు పట్టు వదిలేసింది. ఇంకోటి, ఐలెట్లు, అంటే తాడు దూర్చే రింగులు, ఒంటిపొర గుడ్డ మీద కొట్టినారు. రామగిరి వైపు గాలిమరలు ఆగకుండా తిరిగే ఆషాఢం రోజులు మీకు తెలుసు కదా. ఆ గాలిలో తాళ్ళు కట్టి పెడితే నాలుగు ఐలెట్లు గుడ్డతో సహా ఊడొచ్చినాయి. అయిదుకి మూడు.

దాని తర్వాత నేను కుట్టినా ఒకటి. నా సరుకే అయినా ఉన్నదున్నట్టు చెప్తా. మొదటిది నీలం టార్పాలిన్ పట్టతో కుట్టి తప్పు చేసినా. ఒక్క ఎండాకాలానికే అది పొరలు పొరలుగా రాలి రెక్కంతా నీలం పొట్టు. అన్న రెండు రోజులు మెత్తని బ్రష్షుతో దులుపుకున్నాడు, నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. రెండోసారి తెల్ల పాలిస్టరు, లోపలి వైపు మెత్తటి నూలు గుడ్డ, ఐలెట్ దగ్గర మూడు పొరలు, 10 నంబరు జిప్పు, బాండెడ్ పాలిస్టర్ దారం. నైలాన్ దారం చేతికి బాగుంటుంది, కానీ ఎండకు పాలిస్టరంత నిలవదు. టెఫ్లాన్ జాతి దారం ఇంకా మేలంటారు, ఆ రీలు ధరకి నేను రెండు లారీ సీట్లు కుడతా. ఇప్పటికి మూడు ఎండాకాలాలు దాటింది. కొలత మాత్రం విదేశీ దానంత పొందిక రాలేదు, కొనల దగ్గర కాస్త సంచి మాదిరి వేలాడుతుంది. నాకు నేను నాలుగు.

హెల్మెట్లు. లోపల ఈఎన్ 966 అని ముద్ర ఉందా చూడండి. గాల్లో ఆడే ఆటల హెల్మెట్లకు పెట్టిన యూరోపు ప్రమాణం అది. బైకు హెల్మెట్ పెట్టుకుంటానంటే అన్న ఒప్పుకోడు. అన్న హెల్మెట్ హెడ్‌సెట్, మైకు ఉండే రకం. మాట స్పష్టంగా వినపడుతుంది, నాకు ఇబ్బంది చెవి దిండ్లతోనే. పైతోలు మా చెమటకి ఏడాదిలో పగిలింది, లోపలి లైనింగు విప్పి ఉతకను రాదు. నేను పలచని నూలు టోపీలు ఆరు కుట్టిచ్చినా, పాత కండువాల గుడ్డతో. ఎక్కే ప్రతివాడికి ఒకటి. వాసన బాధ తీరింది.

వేరియోమీటరు, అంటే పైకి పోతున్నామా కిందికి పోతున్నామా అని గాలి ఒత్తిడి తేడాతో పసిగట్టి కూత పెట్టేది. ఇంజను లేని గ్లైడరుకి అది ప్రాణం. ట్రైక్ వాళ్ళకి అంత అవసరం లేదు. ఫోనులో యాప్ వేసుకుని ఎండలో పెడితే ఫోను వేడెక్కి ఆరిపోయింది. దానికో తెల్ల జేబు కుట్టినా. పెద్ద చెప్పుకునేదేం లేదు.

చక్రాల గురించి చెప్పకపోతే తప్పు. హ్యాంగ్ గ్లైడర్ నేర్చుకునేవాళ్ళు పట్టుకునే కడ్డీకి రెండు వైపులా చక్రాలు వేస్తారు, దిగేటప్పుడు కడ్డీ నేలలో గుచ్చుకోకుండా. గాలి నింపేవి మెత్తగా దిగుతాయని కేటలాగులు పొగుడుతాయి. మన చేలల్లో పల్లేరు కాయలున్నాయని ఆ కేటలాగు రాసినోళ్ళకి తెలియదు పాపం. ఒక్క పొద్దున్నే రెండు చక్రాలూ తుస్సు. గట్టి ప్లాస్టిక్ చక్రాలు తీసుకోండి. ట్రైక్ టైర్లకైతే కంపచెట్ల ముల్లు. లోపల ట్యూబుకి టైరుకి మధ్య పాత లారీ ట్యూబు పట్టీ వేసినా, పంచర్లు తగ్గినాయి. అన్న ముందు బరువు ఎంత పెరిగిందో తూకం వేసినాకే ఒప్పుకున్నాడు.

బెల్టుల దగ్గర మాత్రం నేను చేయి పెట్టను. మనిషి వేలాడే హార్నెస్ పట్టీ, రెక్కకి బండికి మధ్య బరువు మోసే పట్టీ, సీటు బెల్టు, ఇవి తెస్తే వెనక్కి పంపిస్తా. కంపెనీ దగ్గరే మార్చుకోవాల. ఒక కుర్రోడు "నువ్వు లారీకి కుడతావు కదా, దీనికి కుట్టలేవా?" అన్నాడు. లారీ సీటు ఊడితే డ్రైవరు కింద కూర్చుంటాడు, అంతే కదా నాయనా అన్నా. రెక్క గుడ్డకీ అంతే. చిన్న చిరుగు ఉంటే దానికోసం వచ్చే టేపు అతికించి చూపిస్తా, అతుకు మీదికి పోయిందంటే నా మిషను కింద పెట్టను.

బెంగళూరు వైపు అనుమతి ఉన్న రన్‌వే నుంచి మొదటిసారి నన్ను ఎక్కించుకున్నప్పుడు, 300 మీటర్లు పైకి పోయినాక హెడ్‌సెట్‌లో "కింద చెరువు చూడప్పా, ఎట్లుందో" అన్నాడు అన్న. నేను మెడ పైకెత్తి రెక్క వెనక అంచు చూస్తున్నా. ఎడమ వైపు, రెక్కకి ఆకారమిచ్చే బద్దల్లో మూడో దాని దగ్గర జిగ్‌జాగ్‌లో ఒక పోటు తప్పింది. కంపెనీ కుట్టే. దిగినాక చూపించినా, ఫోటో తీసి వాళ్ళకి పంపినాడు, వారంలో జవాబు వచ్చింది, ఇబ్బంది లేదు, చూస్తూ ఉండండి అని. చూస్తానే ఉన్నా.

తొడుగు కావాల్సినోళ్ళు రెక్క మోడలు పేరు చెప్తే చాలదు, కొలతలు తీసుకుని రండి, మీటర్లో అడుగులో స్పష్టంగా రాసుకుని. రెక్కనే తెస్తామంటే తెల్లవారి ఏడు లోపల రండి. ఎనిమిది దాటితే మా వీధిలో కూరగాయల బండ్లు దిగుతాయి, 20 అడుగుల మూట తిప్పను జాగా ఉండదు.