ఫాల్ట్ కోడ్ పడితే స్కానరా, మల్టీమీటరా?

టెక్కలి గ్రానైట్ క్వారీలో ఎక్స్‌కవేటర్ డిస్‌ప్లే మీద కోడ్ పడి బండి ఆగిందంటే, అందరూ ముందు వెతికేది స్కానర్ (బండి కంప్యూటర్ నుంచి కోడ్‌లు చదివే పరికరం) ఉన్న మెకానిక్‌నే. స్కానర్ విలువ తక్కువేం కాదు. జె1939 (భారీ బండ్ల కంట్రోలర్లు మాట్లాడుకునే ప్రమాణం) పద్ధతి కోడ్‌లో ఎస్‌పీఎన్ అనే నంబర్ ఏ సర్క్యూటో చెబుతుంది, ఎఫ్ఎంఐ అనే నంబర్ తప్పు ఎలాంటిదో చెబుతుంది. ఎస్‌పీఎన్ 100 ఇంజిన్ ఆయిల్ ప్రెజర్‌ది. పక్కన ఎఫ్ఎంఐ 3 ఉంటే వోల్టేజ్ ఎక్కువని, 4 ఉంటే తక్కువని. ప్రెజర్ నిజంగా బాగా పడిపోతే వచ్చేది 1.

అయితే చెడింది సెన్సరా, వైరా, కనెక్టరా అన్నది స్కానర్ తేల్చదు. కోడ్ చూడగానే సెన్సర్ మార్చేయడం నాకు అస్సలు నచ్చదు, ఓనర్ డబ్బు వృథా. కనెక్టర్ విప్పి, కీ ఆన్ చేసి, సప్లై పిన్‌కీ గ్రౌండ్ పిన్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. చాలా ప్రెజర్ సెన్సర్లకు సుమారు 5 వోల్టులు రావాలి. రాకపోతే కొత్త సెన్సర్ వేసినా కోడ్ పోదు. అదే లైన్ మీదున్న ఇంకో సెన్సర్ షార్టయినా ఇలాగే అవుతుంది. మూలపేట లాంటి సముద్రపు ఒడ్డు సైట్లలో పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టిందేమో చూడాలి.

క్యాన్ లైన్ (కంట్రోలర్లు డేటా పంచుకునే రెండు వైర్ల జత) తెగితే స్కానర్ అసలు కనెక్టే కాకపోవచ్చు. బ్యాటరీ తీసి, హై, లో వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. లైన్ రెండు చివర్లా ఒక్కో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి, 120 వస్తే ఒక చివర రెసిస్టర్ అందట్లేదన్నమాట.

ఒక్కటే కొనే స్తోమత ఉంటే మీటర్, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ తీసుకోమంటాను. వచ్చి పోయే ఫాల్ట్‌కి మాత్రం స్కానరే మేలు: లైవ్ డేటా పెట్టి, హార్నెస్‌ను (వైర్ల కట్టను) జానెడు జానెడుగా కదుపుతూ రీడింగ్ ఎక్కడ ఎగిరిందో పట్టుకోవచ్చు.